గల్ఫ్ అనగా సముద్రమని మరువరాదు

ఒక మాట ఎంత ఎక్కువగా వాడుకలో ఉంటే, దాని అసలు అర్థం అంత త్వరగా మరుగున పడుట లోకంలో కద్దు. మన ప్రాంతంలో "గల్ఫ్" అను మాటకు పట్టిన గతి ఇదే. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల జిల్లాలలోను, హైదరాబాదు పాతనగరంలోను, కడప, కోనసీమ ప్రాంతాలలోను ఈ మాట వినగానే స్ఫురించేవి వీసా, విమానం, జీతం, నెలనెలా ఇంటికి వచ్చే పైకం. కువైట్‌కు పోయినా, ఖతర్‌కు పోయినా పల్లెలలో "దుబాయి పోయినాడు" అనుటయే పరిపాటి. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో దీనినే "ఖలీజ్" అంటారు. ఏ భాషలో చెప్పినా ఆ మాటకు మొదటి అర్థం ఒక సముద్రభాగం. మనవారు పనిచేసే నగరాలు ఆ సముద్రపు ఒడ్డున వెలసినవి. మనవారు త్రాగే నీరు ఆ సముద్రం నుండి వచ్చుచున్నది. అయినను ఆ సముద్రం ఎట్టిదో, దాని సుఖదుఃఖాలేమిటో మనలో విచారించినవారు బహు తక్కువ. దాని నుండి అన్నం తినుచున్న మనకు దానిని గురించి తెలుసుకొనుట కేవలం విజ్ఞాన వినోదం కాదనియు, అది మన బాధ్యత అనియు ఈ వ్యాసంలో విన్నవించదలచినాను.

పటంలో ఆ సముద్రం

భూగోళ శాస్త్రంలో దీనిని పర్షియన్ సింధుశాఖ అంటారు. అరబ్బు దేశాలవారు అరేబియన్ సింధుశాఖ అని పిలుచుకొందురు. పేరును గురించిన ఈ వివాదం ఎట్లున్నను, నీరు మాత్రం ఒక్కటే. ఇరాన్, ఇరాక్, కువైట్, సౌదీ అరేబియా, బహ్రెయిన్, ఖతర్, ఐక్య అరబ్ ఎమిరేట్లు, ఒమాన్ అను ఎనిమిది దేశాలు దాని చుట్టూ ఉన్నవి. దాని వైశాల్యం సుమారు రెండున్నర లక్షల చదరపు కిలోమీటర్లు. పొడవు సుమారు 990 కిలోమీటర్లు. వాయవ్య కొనలో టైగ్రిస్, యూఫ్రటీస్ నదులు కలిసి షత్తుల్ అరబ్ అను పేరుతో ఇందులో పడుచున్నవి. తూర్పు కొనలో హొర్ముజ్ జలసంధి ఒక్కటే బయటి సముద్రానికి ద్వారం. ఆ ద్వారం అతి ఇరుకైన చోట 40 కిలోమీటర్లకు లోపు.

పటంలో ఇంత విశాలంగా కనిపించే ఈ సముద్రం నిజానికి ఎంత నిస్సారమో తెలిస్తే ఆశ్చర్యం కలుగును. సగటు లోతు 50 మీటర్లకు మించదు. మిక్కిలి లోతైన చోట సుమారు 90 మీటర్లు. మన చార్మినార్‌ను దాని అడుగున నిలబెట్టినచో చాలా చోట్ల మినారుల కొనలు నీటిపైకి కనిపించును. గత హిమయుగంలో సముద్ర మట్టం తగ్గినప్పుడు ఇది పొడి నేల. నదులు పారిన లోయ. మంచు కరిగి, వేల సంవత్సరాలలో మెల్లమెల్లగా నీరు లోనికి వచ్చి నేటి రూపం ఏర్పడినది. సముద్రాల వయస్సుతో పోల్చినచో ఇది పసిబిడ్డ వంటిది.

ఈ లోతులేని నీటిపై ఎడారి ఎండ పడుచున్నది. ఏటా మనిషి నిలువెత్తు మందపు నీరు ఆవిరియై పోవును, వర్షం స్వల్పం, నదుల నీరు నానాటికి తగ్గుచున్నది. అందుచేత ఉప్పదనం పెరుగును. సాధారణ సముద్రంలో వేయి పాళ్ళ నీటికి సుమారు 35 పాళ్ళు ఉప్పు ఉంటే, ఇక్కడ 40 పాళ్ళు, తీరపు మడుగులలో అంతకంటె చాలా ఎక్కువ. ఉప్పు ఎక్కువైన నీరు బరువెక్కి అడుగుకు దిగి, హొర్ముజ్ గుండా బయటకు జారును. దానికి బదులుగా పైభాగాన తేలిక నీరు లోనికి వచ్చి ఇరాన్ తీరం వెంట సాగును. ఈ విధంగా ఒకసారి నీరంతా మారుటకు రెండు నుండి ఐదు సంవత్సరాలు పట్టునని శాస్త్రజ్ఞుల అంచనా. కిటికీ ఒక్కటే ఉన్న గదిలో పొగ పెడితే ఎంతసేపు నిలుచునో, ఇందులో పడిన మలినం కూడ అట్లే నిలుచును. ఇక చెప్పబోయే విషయాలన్నిటికి మూలం ఈ ఒక్క భౌగోళిక సత్యమే.

ముత్యం పోయి చమురు వచ్చినది

చమురుకు పూర్వం ఈ తీరవాసుల జీవనాధారం ముత్యం. వేసవి నెలలలో పడవలు కట్టుకొని పోయి, ఊపిరి బిగబట్టి, నడుముకు త్రాడుతో అడుగుకు మునిగి ఆల్చిప్పలు ఏరుకొని వచ్చెడివారు. హైదరాబాదుకు ముత్యాల నగరమను కీర్తి వచ్చుటలో ఈ సముద్రపు భాగం చిన్నది కాదు. నిజాముల కాలంలో మన జవాహరీలు ప్రాణప్రదంగా చూచుకొన్న "బస్రా ముత్యాలు" ఇక్కడివే. మన నగరానికి ఆ సముద్రంతో సంబంధం వీసాతో మొదలు కాలేదని, ముత్యంతోనే మొదలైనదని చెప్పవచ్చును. 1920లలో, 1930లలో జపాన్ పెంపకపు ముత్యాలు చవకగా బజారును నింపినవి. ప్రపంచ ఆర్థిక మాంద్యం కూడ తోడైనది. శతాబ్దాల వృత్తి కొద్ది సంవత్సరాలలోనే కూలిపోయినది.

అదే సమయంలో చమురు బయటపడినది. 1908లో ఇరాన్‌లోని మస్జిదె సులైమాన్ వద్ద, 1932లో బహ్రెయిన్‌లో, 1938లో సౌదీలోని దమ్మామ్ వద్ద, అదే సంవత్సరం కువైట్‌లోని బుర్గాన్ వద్ద చమురు లభించినది. 1951లో సౌదీ తీరంలో సముద్రం క్రింద సఫానియా చమురు క్షేత్రం కనుగొన్నారు; సముద్రగర్భ క్షేత్రాలలో అదే ప్రపంచంలో అన్నిటికంటె పెద్దది. 1971లో ఖతర్ తీరంలో బయటపడిన సహజవాయు క్షేత్రం ఇరాన్ జలాలలోనికి కూడ వ్యాపించి, వాయు నిల్వలలో ప్రపంచాగ్రస్థానం వహించుచున్నది. 2024లో హొర్ముజ్ జలసంధి గుండా రోజుకు సుమారు రెండు కోట్ల పీపాల చమురు సాగినది. అది ప్రపంచం వాడిన చమురులో సుమారు ఐదవ వంతు.

ముత్యపు వృత్తి ఎట్లు కూలినదో చూచినవారికి ఒక పాఠం తోచవలెను. భూమిలోని సంపద ఒకనాడు తరుగును, లేక దాని అవసరం తీరును. ఆనాడు ఆ తీరవాసులకు తిరిగి మిగిలేది సముద్రమే. ఆ సముద్రం బ్రతికి ఉండునా అన్నదే ప్రశ్న.

యుద్ధం చేసిన గాయం

1983 ఫిబ్రవరిలో, ఇరాన్-ఇరాక్ యుద్ధం సాగుచుండగా, ఇరాన్‌కు చెందిన నౌరూజ్ సముద్ర చమురు క్షేత్రంలో ఒక చమురు ఓడ బావి వేదికకు గుద్దుకొన్నది. మరుసటి నెలలో ఇరాకీ దాడిలో ఇంకొక వేదిక దెబ్బతిన్నది. చుట్టూ యుద్ధం జరుగుచుండుటచేత ఎవరును పోయి మూయుటకు వీలుపడలేదు. మొదటి బావిని సెప్టెంబరులోగాని మూయలేకపోయినారు. రెండవది 1985 దాకా కారుచునే యున్నది.

1991 జనవరిలో జరిగినది దీనికంటె ఘోరం. కువైట్‌ను ఆక్రమించిన ఇరాకీ సేనలు రేవులోని చమురు కవాటాలను తెరచి, ఓడలలోని చమురును సముద్రంలోనికి వదలినవి. దాని పరిమాణం 40 లక్షల నుండి 110 లక్షల పీపాల వరకు ఉండునని వేర్వేరు అంచనాలు. సౌదీ తీరం సుమారు 700 కిలోమీటర్ల మేర నల్లబడినది. రెక్కలకు తారు అంటి వేలాది సముద్రపక్షులు చచ్చినవి. కువైట్‌లో తగులబెట్టిన ఆరువందలకు పైగా బావులలో కడపటిది నవంబరులోగాని చల్లారలేదు.

ఈ చమురు ఎన్నాళ్ళు నిలిచినదో చెప్పినచో నమ్మబుద్ధి కాదు. ఆ తీరపు ఉప్పు బురదనేలలలో పీతలు లక్షలాది బొరియలు త్రవ్వుకొని నివసించును. ఆ బొరియల గుండా చమురు లోతుకు దిగినది. పీతలు చచ్చినవి. పీతలు లేనిచో నేలను తిరుగవేయువారు లేరు. నేల తిరుగనిచో గాలి సోకదు. గాలి సోకనిచో చమురు చివికిపోదు. పైన నాచు పొర కట్టి, ఆ క్రింద చమురు భద్రంగా మిగిలిపోయినది. పది పండ్రెండు సంవత్సరాల తరువాత పరీక్షించినవారు అడుగు త్రవ్వితే చమురు కనిపించినదని వ్రాసినారు. ఒక చిన్న పీత చేసే పనిని ఎన్ని యంత్రాలును చేయలేకపోయినవి.

ఈ యుద్ధ నష్టాల విచారణకు ఐక్యరాజ్యసమితి 1991లోనే ఒక నష్టపరిహార సంఘాన్ని నెలకొల్పినది. 2022 నాటికి ఇరాక్ 5,240 కోట్ల డాలర్లు చెల్లించినది. అందులో గాలికి, నేలకు, సముద్రానికి జరిగిన హానికి కూడ కొంత భాగం కేటాయించుట అంతర్జాతీయ న్యాయంలో గుర్తింపదగిన మలుపు. సముద్రాన్ని పాడుచేసినవాడు మూల్యం చెల్లించవలెనను సూత్రం అక్కడ ఆచరణలోనికి వచ్చినది.

నిత్యం జరిగే గాయం

యుద్ధపు చమురును లోకమంతా చూచినది. ఏ పత్రికలోను పడనిది మరొకటి ఉన్నది. చమురు నింపుకొనుటకు ఓడలు ఖాళీగా వచ్చును. ఖాళీ ఓడ అలలపై నిలకడగా నడువదు గనుక కడుపులో సముద్రపు నీరు నింపుకొని వచ్చెడివి. రేవు చేరిన తరువాత, చమురు జిడ్డు కలిసిన ఆ నీటిని సముద్రంలోనికే వదలెడివి. ఒక్కొక్క ఓడ వదలునది కొద్దియే; కాని వేలాది ఓడలు ఏడాది పొడవునా వదలినచో అది మరొక యుద్ధంతో సమానం. దీనిని అరికట్టుటకు 1973లోను, 1978లోను అంతర్జాతీయ ఒడంబడికలు కుదిరినవి. ఈ సింధుశాఖ ప్రత్యేక రక్షణ గల ప్రాంతమని ఆనాడే వ్రాసుకొన్నారు. కాని మురికినీటిని దింపుకొనే సదుపాయాలు రేవులలో ఏర్పడి, ఆ నియమం నిజంగా అమలులోనికి వచ్చుటకు 2008 ఆగస్టు వరకు పట్టినది. మంచి శాసనం వ్రాయుటకు, అది నిజమగుటకు నడుమ ముప్పది ఏండ్ల దూరం!

చమురు ఒక్కటే కాదు. సముద్రపు ఇసుకను తోడి కొత్త నేలలు, కొత్త ద్వీపాలు కట్టుచున్నారు. 2001లో ఆరంభమైన దుబాయిలోని పామ్ జుమేరా ఇట్టిదే. తోడిన చోట గడ్డి పెరుకబడును. పోసిన చోట పగడం పూడిపోవును. మరొకవైపు నదులపై ఎగువ దేశాలు కట్టిన ఆనకట్టలచేత షత్తుల్ అరబ్ చిక్కిపోయి, సముద్రపు ఉప్పునీరు నదిలోనికి ఎదురు నడచుచున్నది. 2018లో బస్రా నగరంలో చెడిన నీరు త్రాగి లక్షమందికి పైగా ఆసుపత్రుల పాలైనారు. ముత్యాలకు పేరిచ్చిన నగరానికే మంచినీరు కరవైనది.

ఆ నీటిలోని ప్రాణులు

ఇట్టి వేడి, ఇట్టి ఉప్పు గల నీటిలో ప్రాణులుండుటే వింత. అయినను ఉన్నవి. ఇతర సముద్రాలలో చచ్చిపోయే వేడిమిని ఇక్కడి పగడాలు ఓర్చుకొనును. వేడెక్కుచున్న లోకంలో పగడం ఎట్లు బ్రతుకునో తెలుసుకొనగోరు శాస్త్రజ్ఞులకు ఇది ఒక పాఠశాల. కాని ఓర్పునకును హద్దు కలదు. 1996లో, 1998లో, 2017లో నీరు మరీ వేడెక్కగా పగడాలు తెల్లబారి విస్తారంగా నశించినవి.

"సముద్రపు ఆవు" అని పిలువబడే డ్యూగాంగ్ సముద్రపు గడ్డి మేసి బ్రతుకు సాధుజంతువు. ఆస్ట్రేలియా తరువాత ప్రపంచంలో దీని పెద్ద మంద ఇక్కడనే ఉన్నది. అబూధాబి, ఖతర్, బహ్రెయిన్ తీరాల గడ్డి మైదానాలు దానికి నివాసం. నౌరూజ్ చమురు కారిన 1983లో పదుల సంఖ్యలో వాటి కళేబరాలు తీరానికి కొట్టుకొని వచ్చినవి. అవి నెమ్మదిగా, కొన్నేండ్లకొక పిల్లను కనును గనుక పోయిన మంద తిరిగి నిండుటకు మానవుల తరాలు పట్టును. సౌదీ తీరానికి ఎదురుగా ఉన్న కరాన్ ద్వీపంలో పచ్చ తాబేళ్ళు గ్రుడ్లు పెట్టును. గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవారికి చిరపరిచితమైన హమూర్ చేప, అతిగా పట్టుటవలన తరిగిపోయినది.

ఖతర్‌కు చెందిన అల్ షాహీన్ చమురు క్షేత్రం వద్ద వేసవిలో తిమింగల సొరలు వంద వరకు ఒక్కచోట గుమిగూడుచున్నవి. అవి అక్కడ చేపల గ్రుడ్లు తినుటకు వచ్చును. భద్రత కొరకు ఆ వేదికల దరికి చేపల పడవలను రానీయరు. అందుచేత అక్కడ చేపలు వృద్ధిచెందినవి. చమురుకును ప్రాణికిని సహజ వైరం లేదని, మానవుని నిర్లక్ష్యంతోనే ప్రాణికి వైరమని దీనినిబట్టి తెలియుచున్నది.

తీరపు మడ చెట్టును గురించి ఒక మాట. ఇరాన్‌లోని ఖిష్మ్ ద్వీపం వద్దను, అబూధాబి వద్దను పెరుగు మడచెట్టు శాస్త్రనామం అవిసెన్నియా మరీనా. వైద్యశాస్త్ర మహాపండితుడు ఇబ్నె సీనా పేరును యూరపువారు అవిసెన్నా అని పలికెడివారు. ఆయన పేరునే ఈ చెట్టు జాతికి పెట్టినారు. అదే చెట్టు మన కాకినాడ దగ్గరి కోరింగ అడవిలో కూడ ఉన్నది. ఆ తీరానికిని మన తీరానికిని ఇంతకంటె చక్కని బంధుత్వం ఏమి కావలెను?

మన వాటా ఏమిటి?

"ఎడారిలో ఎండకు మాడి నాలుగు రాళ్ళు సంపాదించుకొని వచ్చువానికి తాబేళ్ళ గొడవ ఎందుకు?" అని కొందరు అడుగవచ్చును. ఆ ప్రశ్నను తేలికగా తీసివేయరాదు. ఆ చమురు ధనంతోనే మన ఊళ్ళలో ఇండ్లు లేచినవి, చెల్లెండ్ర పెండ్లిండ్లు జరిగినవి, ఎందరో పిల్లలు కళాశాల మెట్లు ఎక్కినారు. ఆ ధనాన్ని నిందించుట కృతఘ్నత. కాని నా సమాధానం ఇది. ఆ దేశాలలో త్రాగునీరు సముద్రపు నీటి నుండి ఉప్పు తీసి చేయునదే. కువైట్‌లో త్రాగునీటిలో సుమారు 90 శాతం ఇట్టిది. 1991లో చమురు తెట్టు జుబైల్ వైపు సాగుచున్నప్పుడు, అక్కడి నీటి కర్మాగారం నోటిలోనికి అది పోకుండ సముద్రంపై తేలు అడ్డుకట్టలు వేయవలసి వచ్చినది. సంపన్నుడు సీసా నీరు కొనుక్కొనగలడు, విమానమెక్కి వెళ్ళిపోగలడు. కార్మికుల వసతి గృహంలో ఉండువానికి కొళాయి నీరే దిక్కు. సముద్రం చెడితే ముందుగా దెబ్బతినేది అతడే. కాబట్టి తాబేలు గొడవ, కార్మికుని గొడవ రెండు కావు, ఒక్కటే.

ఆ దేశాలవారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1978లో ఎనిమిది దేశాలును కువైట్‌లో కూడి సముద్ర రక్షణకు ఒడంబడిక చేసుకొన్నవి. రెండేండ్లకే అందులోని రెండు దేశాలు యుద్ధానికి దిగినవి. అయినను ఆ ఒడంబడిక నిలిచినది. అరబ్బుల సంప్రదాయంలో "హిమా" అను మంచి ఆచారం పూర్వం నుండి కలదు. పచ్చిక తరిగిపోకుండ కొంత నేలను అందరి మేలుకొరకు కాపాడి ఉంచుటయే హిమా. నేలకు చెల్లు ఈ ధర్మాన్ని నీటికిని చెల్లించవలెను. అబూధాబిలోని మరావహ్ సముద్ర రక్షిత ప్రాంతం వంటివి ఆ దారిలోనివే. అవి ఇంకను పెరుగవలెను. సూరా రహ్మాన్‌లో ముత్యమును, పగడమును దైవానుగ్రహాలుగా పేర్కొనబడినవని మన సోదర విద్యార్థులకు తెలియును. అనుగ్రహంగా ఇచ్చినది అమానతు. దానిని చెడగొట్టి తిరిగి అప్పగించరాదు.

పరులకు చెప్పుటకు ముందు మన ఇల్లు చూచుకొనుట న్యాయం. కృష్ణా గోదావరి తీరంలో మనకును చమురు, వాయువు ఉన్నవి. 1995 జనవరిలో పాశర్లపూడి బావి పేలి రెండు నెలలకు పైగా మండినది. 2014 జూన్‌లో నగరం గ్రామంలో వాయు గొట్టం పేలి నిద్రలో ఉన్న ప్రజలు బలియైనారు. కోరింగ మడ అడవి ఆ తీరానికి తుపానుల నుండి రక్ష. గల్ఫ్ పాఠాన్ని మనం అక్కడ గాక ఇక్కడనే నేర్చుకొని ఉపయోగించవలెను.

కళాశాల యాజమాన్య సంఘం పెద్దలకు ఒక మనవి. మన విద్యార్థులలో ఎందరో రేపు ఆ తీరానికి పోవువారే. వారికి పాస్‌పోర్టు, ఒప్పంద పత్రం ఎట్లు అవసరమో, ఆ దేశపు నేలను, నీటిని గురించిన తెలివి కూడ అట్లే అవసరం. ఏడాదికొక ఉపన్యాసమైనను ఏర్పాటు చేసి, గల్ఫ్ నుండి తిరిగి వచ్చిన అనుభవజ్ఞులను వేదికపైకి పిలిపించవలెను. గ్రంథాలయంలో సముద్ర శాస్త్రానికి ఒక అర కేటాయించవలెను. రసాయన శాస్త్రం చదువు విద్యార్థులకు నీటి పరీక్ష, నీటి శుద్ధి విద్యలలో శిక్షణ ఇప్పించినచో, మన పిల్లలు ఆ తీరానికి కూలీలుగా మాత్రమే గాక, ఆ సముద్రాన్ని పరీక్షించు నిపుణులుగా కూడ పోగలరు. అప్పుడు జీతమును పెరుగును, గౌరవమును పెరుగును.

విద్యార్థి మిత్రులారా! మీ అన్నయో, మామయో, తండ్రియో ఫోనులో మాట్లాడునప్పుడు జీతం సంగతితోపాటు ఒక్కసారి అక్కడి సముద్రం సంగతి కూడ అడుగుడు. ఒడ్డున నీరు ఏ రంగున ఉన్నదో, చేపలు పడుచున్నవో లేదో అడుగుడు. మనకు అన్నం పెట్టు ఆ సముద్రం క్షేమంగా ఉన్నదా అని విచారించుట మన ధర్మం.